బ్యాలెట్ కాగితాన్ని కింది నుంచి చదవండి

2022 అక్టోబరు 24, సోమవారం. కెనడాలోని అంటారియో రాష్ట్రమంతటా మునిసిపల్ ఎన్నికల పోలింగు. అదే రోజు దీపావళి. బ్రాంప్టన్‌లో మనవాళ్లుండే వీధుల్లో ప్రమిదలు వెలిగించే వేళకి పోలింగు ముగియడానికి ఇంకా గంటన్నర ఉంది. రాత్రి ఎనిమిదికి తలుపులు మూసి లెక్కపెడితే, ఊరు మొత్తమ్మీద ఓటేసినవాళ్లు నూటికి పాతికమంది కూడా లేరు. పండగ మీదికి తోసేయడానికి లేదు. దీపావళితో పెద్దగా పనిలేని పేటలున్న టొరంటోలోనూ ఆ రోజు నూటికి ముప్పై దాటలేదు. పైగా ఇక్కడ పోలింగు తేదీ ఎవరో హఠాత్తుగా ప్రకటించేది కాదు. నాలుగేళ్లకోసారి, అక్టోబరు నాలుగో సోమవారం అని చట్టంలోనే ఉంది. పంచాంగం పక్కన పెట్టుకుంటే పదేళ్ల ముందే చెప్పొచ్చు. వచ్చేది 2026 అక్టోబరు 26. ఈసారి బతుకమ్మ, దసరా ముందే అయిపోతాయి, దీపావళి నవంబరులో. సాకు లేదు.

ఓటు వెయ్యని ముప్పావు వంతు సంగతి చాలామంది రాశారు. నేను చెప్పదలచుకున్నది వేసిన పావు వంతు గురించి, అందులోనూ మనవాళ్ల గురించి. మనం కాగితాన్ని తలకిందులుగా వాడుతున్నాం.

బ్రాంప్టన్ ఓటరు చేతిలో పెట్టిన కాగితంలో నాలుగు గడులు. పైన మేయర్, తర్వాత రీజనల్ కౌన్సిలర్, తర్వాత సిటీ కౌన్సిలర్, అట్టడుగున స్కూల్ ట్రస్టీ. పార్టీ పేరు లేదు, గుర్తు లేదు. సైకిలూ హస్తమూ కారూ చూసి వేలు కదిలే అలవాటుకి ఇక్కడ పట్టు దొరకదు. ఇంటిపేర్ల ఇంగ్లీషు అక్షరక్రమంలో అభ్యర్థుల పేర్లు మాత్రమే. అడుసుమిల్లివారైతే పైన, యలమంచిలివారైతే అడుగున. (ఈ అక్షరక్రమం అన్యాయమనే 2018లో వాంకూవర్ నగరం చీటీలు తీసి పేర్ల వరస నిర్ణయించింది.) పైగడి దగ్గర ముఖం తెలిసిన పేరు కనబడుతుంది. రెండో గడికి వాట్సాప్‌లో వచ్చిన జాబితా గుర్తొస్తుంది. నాలుగో గడికి వచ్చేసరికి ఏ పేరూ తెలియదు, ఖాళీగా వదిలేస్తాం, లేదా మన దేశం పేరులా వినిపించిన దాని పక్కన గీత గీస్తాం. నా మాటల్లా ఒకటే: మీ ఓటుకి ఎక్కువ విలువున్నది ఆ నాలుగో గడిలో. చదవడం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ట్రస్టీ అన్న మాట మనకి గుడి ధర్మకర్తల మండలిని గుర్తుచేస్తుంది. ఇది అది కాదు. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒక్కో బడికి ఒక యాజమాన్య కమిటీ ఉంటుంది, అందులో నూటికి 75 మంది తల్లిదండ్రులే. అంటారియోలో అలా కాదు. పది పదిహేను కాదు, వందల బళ్లకి కలిపి ఒకే బోర్డు, ఆ బోర్డుని ఊరి ఓటర్లు ఎన్నుకుంటారు. మిస్సిసాగా, బ్రాంప్టన్, కాలెడన్ మూడూ కలిసిన పీల్ జిల్లా స్కూల్ బోర్డునే చూడండి. లక్షన్నర మంది పిల్లలు, ఏడాదికి సుమారు 200 కోట్ల డాలర్ల బడ్జెట్, 12 మంది ట్రస్టీలు. సగటున ఒక్కో ట్రస్టీ లెక్కలో పన్నెండు వేలకి పైగా పిల్లలు. అంతమంది పిల్లల మీద నిర్ణయం తీసుకునే మనిషి గెలవడానికి కావలసిన ఓట్లు కొన్ని వేలే. రెండు పెద్ద తెలుగు సంఘాల దసరా సభకి వచ్చేవాళ్లంతా ఆలోచించి ఒకే వైపు వేస్తే ఫలితం కదిలే చోటు ఈ కాగితంలో ఇదొక్కటే.

ట్రస్టీ ఏం చెయ్యలేరో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే ప్రచారంలో అబద్ధాలు ఎక్కువగా పుట్టేది అక్కడే. సిలబస్ మార్చలేరు, అది రాష్ట్ర విద్యాశాఖ పని. మీ పన్ను తగ్గించలేరు. ఇంటి పన్ను బిల్లు తీసి చూడండి, అందులో ఎడ్యుకేషన్ అని విడిగా ఒక వరస ఉంటుంది. ఇళ్లకి ఆ రేటు 0.153 శాతం, రాష్ట్రమంతటా ఒకటే, నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. అది కూడా ఇవాళ్టి మార్కెట్ ధర మీద కాదు, 2016 జనవరి 1 నాటి విలువ మీద. ఆ లెక్కలో మీ ఇల్లు 5,00,000 డాలర్లయితే బళ్లకి మీరిచ్చేది 765 డాలర్లు. ట్రస్టీగా ఎవరు గెలిచినా అందులో ఒక్క సెంటు మారదు. కాబట్టి "బడి పన్ను తగ్గిస్తాను" అని ఎవరైనా ట్రస్టీ అభ్యర్థి మీ గుమ్మంలో నిలబడి చెబితే, ఆయనకి పనేంటో తెలియదని అర్థం. తలుపు మర్యాదగానే వేసేయండి.

చెయ్యగలిగినవి వేరే ఉన్నాయి. కొత్త కాలనీ పిల్లలు ఏ బడికి వెళ్లాలో సరిహద్దు గీసేది బోర్డు. ఇల్లు కొన్నప్పుడు పక్క వీధిలో బడి ఉందని కొన్నారు, కానీ అది నిండిపోయిందని మీ వీధిని తాత్కాలికంగా దూరపు బడికి కలిపారు, ఆరేళ్ల పిల్ల పొద్దున్నే పసుపు బస్సు కోసం మంచులో నిలబడింది. ఆ గీత బోర్డు సమావేశంలో గీసిందే. ఆవరణలో పోర్టబుల్ గదులు (తాత్కాలిక తరగతి గదులు) ఎన్ని, కొత్త భవనానికి రాష్ట్రాన్ని అడిగే జాబితాలో ఏ బడి పేరు ముందుండాలి, బస్సు ఎంత దూరం నుంచి ఇవ్వాలి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి సహాయకులు ఎంతమంది అన్నవన్నీ అక్కడే తేలతాయి. మన తల్లిదండ్రులకి నిద్ర పట్టనివ్వని విషయం ఇంకొకటుంది, ప్రత్యేక కోర్సుల ప్రవేశం. టొరంటో జిల్లా స్కూల్ బోర్డు 2022 మే నెలలో తన ప్రత్యేక కళలు, సైన్సు, గణితం కార్యక్రమాలకి ప్రతిభ పరీక్ష బదులు ఆసక్తి చూపినవాళ్లలోంచి లాటరీ పద్ధతి అనుకుంది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న వాదన వేరు. నేను గుర్తుచేసేది ఒక్కటే, దాని మీద చేతులెత్తి ఓటేసింది ట్రస్టీలు. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో మండిపడ్డ తల్లిదండ్రుల్లో ఎంతమంది అంతకు ముందు ఎన్నికలో నాలుగో గడి నింపి ఉంటారు?

"అవసరమైతే మంత్రే బోర్డుని పక్కన పెట్టేస్తున్నాడు కదా, ఇక ట్రస్టీ ఎందుకు?" అనే ప్రశ్న ఉంది, అది తేలిగ్గా తీసేసేది కాదు. పీల్ బోర్డునే 2020 జూన్‌లో ప్రభుత్వం ఒక పర్యవేక్షకుడి చేతిలో పెట్టింది. నల్లజాతి పిల్లల పట్ల వివక్షని సరిచెయ్యడంలో బోర్డు విఫలమైందన్నది కారణం. 2023 జనవరి దాకా అలాగే సాగింది. 2025లో టొరంటో పబ్లిక్, టొరంటో క్యాథలిక్, ఒట్టావా, పీల్‌లోని క్యాథలిక్ బోర్డు, అన్నీ డబ్బు నిర్వహణ సరిగా లేదన్న మాట మీద పర్యవేక్షణలోకి వెళ్లాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన చట్టం మంత్రి చేతికి ఇంకా బలమిచ్చింది. నిజమే. కానీ దీన్నుంచి "నాలుగో గడి పనికిరాదు" అని తేల్చుకోవడం తప్పు లెక్క. బోర్డులు ఆ స్థితికి రావడంలో ఎవరు గెలుస్తున్నారో ఎవరూ చూడకపోవడానికీ వాటా ఉంది. పర్యవేక్షకుడు వచ్చాక మీరు ఫోన్ చెయ్యడానికి మీ వార్డు మనిషి ఉండరు, రాష్ట్రం నియమించిన ఒక్కరే ఉంటారు. నిద్రపోయే కాపలాదారుని మార్చాలిగానీ కాపలా ఉద్యోగమే తీసెయ్యకూడదు.

మీకు ఏ ట్రస్టీ గడి వస్తుందన్న దాంట్లో ఒక మెలిక ఉంది. అంటారియోలో నాలుగు రకాల బోర్డులు: ఇంగ్లీషు పబ్లిక్, ఇంగ్లీషు క్యాథలిక్, ఫ్రెంచి పబ్లిక్, ఫ్రెంచి క్యాథలిక్. ఒక మనిషికి ఒక బోర్డులోనే ఓటు. ఏమీ చెప్పకపోతే ఇంగ్లీషు పబ్లిక్ కింద రాస్తారు. రోమన్ క్యాథలిక్కులు క్యాథలిక్ బోర్డుకి తమ మద్దతు నమోదు చేయించుకోవాలి. గుంటూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చిన క్యాథలిక్ కుటుంబాలు కొన్ని ఈ పని చెయ్యక, పిల్లలు ఒక బోర్డులో చదువుతుంటే ఓటు ఇంకో బోర్డులో వేస్తుంటాయి. నమోదు ఆస్తి విలువ కట్టే సంస్థ ఎంపాక్ దగ్గర మార్చుకోవచ్చు. దీనికి ఉల్టా కూడా ఉంది. క్యాథలిక్ హైస్కూళ్లు ఇతర మతాల పిల్లల్నీ చేర్చుకుంటాయి. పిల్లాడు అక్కడ చదువుతున్నా హిందూ తల్లిదండ్రుల ఓటు పబ్లిక్ బోర్డుకే.

అభ్యర్థిని ఎలా పరీక్షించాలి? ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్లయితే బోర్డు వెబ్‌సైటులో సమావేశాల మినిట్స్ ఉంటాయి. గత ఏడాదివి మూడు తెరిచి, ఆ పేరు ఎక్కడెక్కడ వచ్చిందో వెతకండి. పది నిమిషాల పని. అసలు హాజరయ్యారా, ఏ తీర్మానం పెట్టారు, ఏదైనా ప్రశ్న అడిగారా తెలిసిపోతుంది. కొత్తవాళ్లయితే ఒకే ఒక్క ప్రశ్న చాలు: "మా వీధి పిల్లలు ఏ బడి సరిహద్దులో ఉన్నారు, అందులో ఎన్ని పోర్టబుల్స్ ఉన్నాయి?" తెలియదంటే తప్పేమీ కాదు. రెండు రోజుల్లో కనుక్కుని చెప్పారా లేదా అన్నదే పరీక్ష.

ఇక పైకి వెళ్దాం. కౌన్సిలర్లు రెండు రకాలు కావడం కొత్తవాళ్లని తికమక పెడుతుంది. బ్రాంప్టన్‌లో 10 వార్డులు, వాటిని రెండేసి చొప్పున ఐదు జతలు చేశారు. ఒక్కో జతకి ఒక సిటీ కౌన్సిలర్, ఒక రీజనల్ కౌన్సిలర్. సిటీ కౌన్సిలర్ నగర మండలిలో కూర్చుంటారు. రీజనల్ కౌన్సిలర్ నగరంలోనూ, పైన పీల్ రీజియన్‌లోనూ కూర్చుంటారు. మీ వీధి మంచు తియ్యలేదంటే, బస్సు రావడం లేదంటే, పార్కులో లైట్లు వెలగడం లేదంటే నగరం. అంబులెన్సు, పబ్లిక్ హెల్త్, పోలీసులకి వెళ్లే డబ్బు అంటే రీజియన్. బేస్‌మెంటు అద్దెలకి లైసెన్సు పెట్టాలన్న పథకం 2024లో కొన్ని వార్డుల్లో ప్రయోగంగా మొదలైంది, అది నగర మండలి నిర్ణయం. బేస్‌మెంటు అద్దెకిచ్చినవాళ్లూ, అందులో ఉంటున్నవాళ్లూ ఇద్దరూ మన జనంలో ఉన్నారు. ఇద్దరి ప్రయోజనాలూ ఒకటి కావు, కాబట్టి "మన కమ్యూనిటీకి మేలు చేస్తాను" అన్న మాటకి ఇక్కడ అర్థమే లేదు. ఎవరికి మేలు?

ఈ గడులకి విలువ పెంచింది 2022లో వచ్చిన బలమైన మేయర్ చట్టం. మొదట టొరంటో, ఒట్టావాలకి ఇచ్చి, 2023 జూలై 1 నుంచి బ్రాంప్టన్‌తో సహా ఇంకో 26 ఊళ్లకి విస్తరించారు. బడ్జెట్ ప్రతిపాదించేది ఇప్పుడు మేయర్. కౌన్సిల్ సవరణ పెడితే మేయర్ వీటో చెయ్యొచ్చు, దాన్ని కొట్టెయ్యాలంటే మూడింట రెండొంతుల మంది కావాలి. బ్రాంప్టన్ కౌన్సిల్లో మేయర్‌తో కలిపి 11 మంది. మూడింట రెండొంతులంటే 8. అంటే మేయర్‌కి తోడు ముగ్గురు కదలకుండా నిలబడితే చాలు, మిగతా ఏడుగురూ ఏకమైనా వీటో చెక్కుచెదరదు. రాష్ట్రం ప్రాధాన్యాలుగా చెప్పిన కొన్ని విషయాల్లో, ఇళ్ల నిర్మాణంలాంటి వాటిలో, మూడో వంతు కన్నా ఎక్కువ మంది ఒప్పుకుంటే చాలు, బైలా పాసవుతుంది. 11లో అది 4. మళ్లీ అదే లెక్క: మేయరూ ఇంకో ముగ్గురూ. కాబట్టి కౌన్సిలర్ అభ్యర్థిని అడగాల్సిన ప్రశ్న "మీరు మేయర్ వర్గమా కాదా" అని కాదు. "మేయర్ బడ్జెట్‌లో మీకు నచ్చని ఒక్క అంకె చెప్పండి" అని.

మేయర్ గడి గురించి తక్కువే చెబుతాను, దాని గురించి టీవీ ఎలాగూ చెబుతుంది. ఒక్క తేడా మాత్రం మనసులో పెట్టుకోవాలి. హైదరాబాదులో 2020 డిసెంబరులో 150 డివిజన్లకి ఓటేశాక, మేయర్‌ని కార్పొరేటర్లూ ఎక్స్ అఫీషియో సభ్యులూ కలిసి 2021 ఫిబ్రవరిలో ఎన్నుకున్నారు. అసలు పగ్గాలు కమిషనర్ చేతిలో ఉంటాయి. ఇక్కడ మేయర్‌ని ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది, పగ్గాల్లో పెద్ద భాగం ఆ మనిషి చేతికే వస్తుంది. మన దగ్గరి మేయర్‌ని ఊహించుకుని రిబ్బన్ కత్తిరించే పదవి అనుకుంటే పొరబడతాం.

మార్ఖమ్‌లో ఉండేవాళ్లకి ఇంకో చిక్కు. అక్కడ నలుగురు రీజనల్ కౌన్సిలర్లని ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది, "నలుగురి దాకా" గుర్తు పెట్టొచ్చు. నాలుగూ వాడి తీరాలని మనవాళ్లకో పట్టుదల, ఏదో వదిలేస్తే నష్టమన్నట్టు. మీకు నిజంగా ఒక్కరే కావాలనుకుంటే ఆ ఒక్కరికే వేసి మిగతా మూడూ వదిలేయండి. తెలియని ముగ్గురికి వేసిన ఓటు మీ మనిషికి పోటీగా నిలబడుతుంది. తక్కువ గుర్తులు పెడితే ఓటు చెల్లుతుంది. ఎక్కువ పెడితే ఆ గడి మాత్రం చెల్లదు, మిగతా గడులు లెక్కలోకి వస్తాయి.

ఇక సంఘాలూ, గుళ్లూ, విరాళాలూ. అక్టోబరు రాగానే బతుకమ్మ వేదికల మీద మెడలో కండువాలతో అభ్యర్థులు కనబడతారు. పిలవడం తప్పు కాదు. కానీ గుడి రిజిస్టర్డ్ చారిటీ అయితే ఫలానా వ్యక్తికి ఓటెయ్యమని మైకులో చెప్పకూడదు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం చారిటీ ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు, వ్యతిరేకించకూడదు, ఆ రిజిస్ట్రేషనే పోయే ప్రమాదం ఉంది. అందరు అభ్యర్థులనీ ఒకే రకంగా పిలిచి ప్రశ్నలు వేయించడం మాత్రం నిక్షేపంగా చెయ్యొచ్చు.

విరాళాల్లో మనవాళ్లు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే, కంపెనీ చెక్కు. ఐటీ కాంట్రాక్టు కోసం ఇన్‌కార్పొరేషన్ పెట్టుకున్నవాళ్లు అలవాటుగా ఆ ఖాతా నుంచి చెక్కు రాస్తారు. మునిసిపల్ అభ్యర్థులకి కంపెనీలూ యూనియన్లూ ఇవ్వకూడదు, మనుషులే ఇవ్వాలి, అదీ సొంత డబ్బు. ఒక అభ్యర్థికి 1,200 డాలర్లు, ఒకే కౌన్సిల్లో అందరికీ కలిపి 5,000. టొరంటో మేయర్‌కి మాత్రం 2,500. నగదు 25 డాలర్లు దాటకూడదు. ఇంకొకటి ఎవరికీ తట్టదు. రెస్టారెంటు యజమాని ప్రచారసభకి వంద మందికి బిర్యానీ ఉచితంగా పంపితే అది కూడా విరాళమే, మార్కెట్ ధర కట్టాలి. రెస్టారెంటు కంపెనీ పేరు మీద ఉంటే అది చెల్లని విరాళం. స్వచ్ఛందంగా వచ్చి వడ్డించినవాళ్ల శ్రమకి మాత్రం లెక్క లేదు. ఫెడరల్ ఎన్నికల విరాళంలా దీనికి పన్ను రాయితీ రాదు. టొరంటోలాంటి కొన్ని నగరాలు సొంతంగా కొంత తిరిగి ఇస్తాయి.

విచిత్రం ఏమిటంటే పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద ఉన్నవాళ్లకి ఓటు లేదుగానీ, అంటారియోలో నివసిస్తుంటే విరాళం ఇవ్వొచ్చు. ఏళ్ల తరబడి ఇంటి పన్ను కట్టి, బళ్లకి పిల్లల్ని పంపి, విరాళమిచ్చి, ప్రచారంలో చలికి వణుకుతూ తలుపులు తట్టి, పోలింగు రోజున బయట నిలబడాలి. పీఆర్‌వాళ్లకి మునిసిపల్ ఓటు ఇమ్మని టొరంటో కౌన్సిల్ 2013లోనే రాష్ట్రాన్ని అడిగింది. రాష్ట్రం ఇవ్వలేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. అయినా బోర్డు సమావేశంలో మాట్లాడటానికి, కౌన్సిలర్‌కి మెయిల్ రాయడానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు.

సిటిజన్ అయి, 18 నిండినవాళ్లకి మాత్రం ఓటు అనుకున్నదానికన్నా విశాలంగా ఉంటుంది. బ్రాంప్టన్‌లో ఉంటూ మిల్టన్‌లో ఒక కాండో కొన్నారా? రెండు ఊళ్లలోనూ మేయర్‌కీ కౌన్సిలర్‌కీ ఓటుంది, మీ భార్యకో భర్తకో కూడా. అది కంపెనీ పేరు మీద కొని ఉంటే లేదు. ఒక ఊళ్లో ఎన్ని ఇళ్లున్నా ఆ ఊళ్లో ఓటు ఒక్కటే. వాటర్లూలో అద్దెకుంటూ చదువుతున్న పిల్లలు అక్కడా వెయ్యొచ్చు, సొంతూళ్లోనూ వెయ్యొచ్చు.

సిటిజన్‌షిప్ ప్రమాణం చేసినంత మాత్రాన పేరు దానంతటదే జాబితాలోకి వస్తుందని అనుకోకండి. 2024 నుంచి ఓటర్ల జాబితా చూసుకునేది ఎలక్షన్స్ అంటారియో, వాళ్ల వెబ్‌సైటులో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. మన పేర్లతో వచ్చే తంటా తెలిసిందే, ఇంటిపేరు ముందో వెనకో, ఒక చోట పూర్తిగా, ఒక చోట పొడి అక్షరంగా. వెతికేటప్పుడు లైసెన్సు మీద ఉన్నట్టే టైపు చెయ్యండి. పేరు లేకపోతే పోలింగు రోజున కూడా అక్కడే చేర్పించుకోవచ్చు, లైను ఇంకాస్త పొడవవుతుంది, అంతే. గుర్తింపుకి ఫొటో అక్కర్లేదు, పేరూ చిరునామా ఉన్న కాగితం కావాలి. డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం చెల్లుతాయి. గొప్పగా పాస్‌పోర్టు పట్టుకెళ్లినవాళ్లే వెనక్కి తిరగాల్సి వస్తుంది, అందులో చిరునామా అచ్చయి ఉండదు కదా.

గోదాముల్లో పన్నెండు గంటల షిఫ్టులు చేసేవాళ్లకి ఒక మాట. పోలింగు పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకా. ఆ సమయంలో ఓటరుకి వరసగా మూడు గంటల ఖాళీ ఉండాలని మునిసిపల్ ఎన్నికల చట్టం చెబుతోంది. మీ షిఫ్టు పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా అయితే, జీతం కొయ్యకుండా సాయంత్రం 5కి వదలమని అడిగే హక్కు మీకుంది. 5కే దిగిపోయే ఉద్యోగమైతే అదనంగా ఏమీ రాదు. ఏ మూడు గంటలన్నది యజమాని సౌకర్యం, అందుకే ముందురోజే సూపర్‌వైజర్‌కి చెప్పి పెట్టుకోవాలి.

ఇదంతా అక్టోబరు పని. నాలుగో గడి విషయంలో అసలు తేదీ అంతకు ముందే ఉంది. నామినేషన్లు ఆగస్టు మూడో శుక్రవారం మధ్యాహ్నం 2 గంటలకి ముగుస్తాయి, 2026లో అది ఆగస్టు 21. కౌన్సిలర్‌గా నిలబడాలంటే పెద్ద ఊళ్లలో 25 మంది ఓటర్ల సంతకాలు కావాలి, ట్రస్టీకి అవీ అక్కర్లేదు, 100 డాలర్ల ధరావతు చాలు, ఖర్చుల లెక్క వేళకి ఇస్తే అదీ తిరిగొస్తుంది. ఆ శుక్రవారం సాయంత్రం నగర క్లర్కు వెబ్‌సైటులో మీ వార్డు ట్రస్టీ వరస తెరిచి చూడండి. అక్కడ ఒకే పేరు ఉందంటే, అక్టోబరులో మీ కాగితం మీద ఆ గడే ఉండదు.